మే నెలలో వేడెక్కిన సీటు

మే నెల రెండో వారం. మధ్యాహ్నం రెండున్నర. శిరివెళ్ల దాటి కారు ఆళ్లగడ్డ వైపు సాగుతుండగా, వెనక సీట్లో కూర్చున్న జగన్నాథానికి కింద నుంచి సెగ తగిలింది.

మొదట ఆయన పట్టించుకోలేదు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. లోపల మాత్రం ఏసీ చప్పుడు లేకుండా చల్లగా వీస్తోంది. బద్రీనాథ్ యాత్రకు వెళ్లిన అక్కతో అప్పుడే ఫోన్లో మాట్లాడాడు. "ఆడ చలి ఎక్కువంట గదా, స్వెటరు ఏసుకున్నావా?" అని అడిగి, ఆమె చెప్పింది విని, ఫోను పెట్టేశాడు. రెండు నిమిషాలు గడిచాయి. సెగ నడుము దాకా పాకింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన వయసు అరవై ఆరు. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"బాబ్జాన్, బండి ఆపు. నాకేందో అయితాంది," అన్నాడు.

డ్రైవరు బాబ్జాన్ కారును రోడ్డు వారకు తెచ్చి, గబగబా దిగి వెనక తలుపు తెరిచాడు. యజమాని రెక్క పట్టుకుని దించి నిలబెట్టాడు. నీళ్ల సీసా కోసం లోపలికి వంగి, సీటు మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు.

సీటు దోసె పెనంలా కాలుతోంది.

జబ్బు మనిషికి కాదు, కారుకు. ముందున్న తెర మీద సీటు బొమ్మ, దాని పక్కన మూడు ఎర్ర గీతలు వెలుగుతున్నాయి. సీటు హీటరు. జర్మనీలో మంచు కురిసే రోజుల కోసం పెట్టిన సౌకర్యం అది. నంద్యాల జిల్లాలో, మే నెలలో, దాన్ని ఎవరో మూడో నంబరులో పెట్టారు.

కారులో ఉన్నది ఇద్దరే. ఒకరు చెమటలు కక్కుతూ రోడ్డు మీద నిలబడ్డారు. ఇక మిగిలింది బాబ్జాన్.

తాను పెట్టలేదని బాబ్జాన్ చెప్పాడు. జగన్నాథం నమ్మాడు. ఆయన కొడుకు లోకేశ్ నమ్మలేదు. అలాంటి వింత జరగడం అది నాలుగోసారి మరి.

*

జగన్నాథం కుటుంబానికి ఆళ్లగడ్డలో మూడు తరాల బట్టల కొట్టు ఉంది. నంద్యాల గాంధీ చౌక్ దగ్గర షోరూము ఉంది. పొద్దున అటు, సాయంత్రం ఇటు. ఆ దారిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన్ను తిప్పుతున్నది బాబ్జానే. మొదట తెల్ల అంబాసిడర్ తోలాడు. అందులో ఏసీ అంటే కిటికీ దించుకోవడమే. తర్వాత ముఖమల్ సీట్ల కాంటెస్సా. రెండువేల తొమ్మిదిలో మొట్టమొదటి రైన్‌హాఫ్ వచ్చింది.

రైన్‌హాఫ్ జర్మన్ కంపెనీ. దాని కార్లన్నింటిలోకి పెద్దది, పొడుగుది, ఖరీదైనది ఈ సెడాన్. జగన్నాథానికి సెడాన్లంటే పిచ్చి. జీపుల్లాంటి ఎత్తు బండ్లు ఎన్ని వచ్చినా ఆయన తల తిప్పి చూడలేదు. కారంటే ఇంజను ముందుండాలి, డిక్కీ వెనకుండాలి, మనిషి నడుమ హాయిగా ఉండాలి, అంతే అనేవాడు.

ఆ మొదటి రైన్‌హాఫ్‌కు స్ప్రింగుల బదులు గాలి సంచులు. పొద్దున స్టార్టు చేస్తే ఒంటెలా మెల్లగా లేచి నిలబడేది. తలుపు సగం వేస్తే మిగతా సగం తనే లాక్కునేది. అది చూడ్డానికి కొట్టుకు వచ్చినవాళ్లు కొనడం మానేసి తలుపులు వేసి తీసేవాళ్లు. రెండో రైన్‌హాఫ్‌లో వెనక సీటుకు టీవీ తెరలు వచ్చాయి. ఏప్రిల్లో హైదరాబాదు నుంచి దిగిన ఈ మూడోది వేరే లోకం. వెనక చక్రాలు కూడా తిరుగుతాయి గనక పదిహేడున్నర అడుగుల కారు గాంధీ చౌక్ సందులో ఆటోలా మళ్లుతుంది. ముందున్న స్పీడుబ్రేకరును కెమెరాతో చూసి, ఏ చక్రాన్ని ఎంత ఎత్తాలో ముందే తేల్చుకుంటుంది. వెనక సీటు మంచంలా వాలుతుంది, పిక్కలు కూడా నొక్కుతుంది.

దానికొక ఆడగొంతు కూడా ఉంది. పేరు ఇంగ్లీషులో మూడే అక్షరాలు: ఏ, డీ, ఏ. కారు అమ్మినవాళ్లు దాన్ని ‘ఎయిడా’ అన్నారు. పేరు పెట్టి పిలిచి తెలుగులో మాట్లాడితే చాలు, మనసులో మాట కనిపెట్టి పని చేసిపెడుతుందన్నారు. లోకేశ్ నాలుగుసార్లు పిలిచి చూశాడు. ఒకసారి పలికింది, మూడుసార్లు పలకలేదు. పిలవనప్పుడు మాత్రం వేగం తగ్గించమనీ, టైర్లలో గాలి చూసుకోమనీ దారి పొడవునా చెబుతూనే ఉంది. కారు ఇంటికి తెస్తున్న రోజే, పాణ్యం రాకముందే, జగన్నాథానికి విసుగొచ్చింది. ఆ యమ్మ నోరు మూయించమన్నాడు. లోకేశ్ తెర మీద ఏదో నొక్కాడు. గొంతు ఆగింది. అందరూ దాని సంగతే మరిచిపోయారు.

వింతలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

మొదటిసారి జగన్నాథం భార్య శాంతకుమారి నంద్యాలలో పెళ్లికి వెళుతోంది. ఇంట్లో వంటమనిషికి ఫోన్ చేసి, ఆడ కిటికీలు తెరిచిపెట్టు, తాలింపు వాసన పోవాల అని చెబుతోంది. ఉన్నట్టుండి కారు కిటికీలు నాలుగూ దిగిపోయాయి. ముందు వరిగడ్డి ట్రాక్టరు పోతోంది. పెళ్లికి చేరేసరికి ఆమె పట్టుచీర మీద జరీ కంటే గడ్డి ఎక్కువ మెరిసింది.

రెండోసారి దొర్నిపాడులో. రిటైరైన పంతులు సంజీవయ్యను జగన్నాథం దారిలో ఎక్కించుకున్నాడు. పంతులు తన నడుము బాధ చెప్పుకుంటూ, కొత్తపల్లె పోదామనుకుంటున్నానని, ఆడ నడుము నొప్పికి కట్టు కడతారనీ అన్నాడు. మరుక్షణం సీటులోంచి రెండు పిడికిళ్లు లేచి ఆయన నడుమును గుద్దసాగాయి. పంతులు కారు ఆపించి దిగి, బస్సులో వస్తానన్నాడు. ఇప్పటికీ జగన్నాథం ఎదురైతే పక్క వీధిలోకి మళ్లుతున్నాడు.

మూడోసారి ఆళ్లగడ్డ పొలిమేరలో, రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల ముందు. పోలీసులు బండ్లు ఆపి తనిఖీ చేస్తున్నారు. వరసలో నిలబడ్డ కారులోంచి తొంగి చూసి, ఆడ డిక్కీలు తెరిపించి చూస్తాండారే అన్నాడు జగన్నాథం. ఎవరూ అడగకముందే వాళ్ల డిక్కీ దానంతటదే తెరుచుకుంది. ఇంత ఉత్సాహంగా సహకరించే మనిషిని కానిస్టేబులు తన ఉద్యోగంలో చూడలేదు. అనుమానం వచ్చి స్టెప్నీ కింద కూడా వెతికాడు.

నాలుగోది సీటు హీటరు.

లోకేశ్ కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్లు హైదరాబాదులోనే కూర్చుని కారు లోపలి రికార్డు చదివారు. కారులో ఏ లోపమూ లేదు, నాలుగుసార్లూ కారులో ఉన్న మనిషి ఇచ్చిన ఆజ్ఞ ప్రకారమే పని జరిగింది అన్నారు.

అంతకు మించి లోకేశ్‌కు సాక్ష్యం అక్కరలేకపోయింది. అతను హైదరాబాదులో పదేళ్లు చదివి, ఉద్యోగం చేసి వచ్చినవాడు. భార్య లహరిది విజయవాడ. ఇద్దరూ కారులో కర్నూలు నాలుగుసార్లు, హైదరాబాదు రెండుసార్లు తిరిగొచ్చారు. ఒక్క వింతా జరగలేదు. వింత జరిగిన నాలుగుసార్లూ స్టీరింగు ముందున్నది బాబ్జాన్. ఆ స్టీరింగు మీద వేలు తగిలితే పనిచేసే మీటలు పద్నాలుగు. బాబ్జాన్‌కు యాభై తొమ్మిదేళ్లు, దగ్గరి చూపుకు కళ్లద్దాలు.

బుధవారం పొద్దున లోకేశ్ అతన్ని కొట్టు వెనక గదిలోకి పిలిచాడు. శనివారం కంపెనీ నుంచి శిక్షకుడు వస్తున్నాడని చెప్పాడు. ఆయన కారులో తిరిగి చూసి రిపోర్టు రాస్తాడు. కారు బాగుందని తేలితే సోమవారం నుంచి కంపెనీ శిక్షణ ఇచ్చిన హైదరాబాదు డ్రైవరు తోలుతాడు. బాబ్జాన్ నంద్యాల షోరూములో తలుపు దగ్గర కూర్చోవచ్చు. స్టూలు వేయిస్తాం, ఫ్యాను కింద. వచ్చేవాళ్లకు తలుపు తీయడమే పని.

"మామా, నీ మీద కోపం ల్యా," అన్నాడు లోకేశ్. అలాంటి సమయాల్లో అతనికి కూడా సొంత ఊరి మాట వచ్చేది. "కారు మారిపోయింది. నువ్వు మారల్యా. అంతే."

బాబ్జాన్ ఆ స్టూలును ఊహించుకున్నాడు. కారు తలుపు కోసం అయితే వంగేవాడు, అందులో అతనికి చిన్నతనం లేదు. కానీ కొట్టు తలుపు పట్టుకుని నిలబడితే, కళ్ల ముందే ఆ కారును ఇంకొకడు తెచ్చి ఆపుతాడు. అది చూడాలి. రోజూ చూడాలి.

"శనివారం దాకా బండి నా దగ్గర ఉండనీప్పా," అన్నాడు.

*

నూనెపల్లెలో దాదా ఖలందర్ గ్యారేజీ ఉంది. జిల్లాలో పెద్ద కార్లు మొండికేస్తే చివరికి చేరేది అక్కడికే. దాదా ఖలందర్, బాబ్జాన్ ఒకే బడిలో ఒకే తరగతి రెండుసార్లు తప్పారు. అప్పటినుంచీ స్నేహం.

దాదా ఖలందర్‌కు కొత్త కారును చూస్తే పెళ్లికూతుర్ని చూసినంత సంబరం. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కింద దూరాడు. పెద్ద కారులో ఈరోజు వచ్చిన వస్తువు పదేళ్లకు చిన్న కారులోకి దిగుతుందని అతని సిద్ధాంతం. జారకుండా ఆగే బ్రేకు అట్లాగే వచ్చింది, గుద్దితే ఉబ్బే సంచీ అట్లాగే వచ్చింది. ఇప్పుడు ఈ సీటు పిడికిళ్లు కూడా పదేళ్లకు ఆటోల్లోకి వస్తాయన్నాడు. బాబ్జాన్ నవ్వలేదు. అది చూసి దాదా ఖలందర్ కూడా పనిలో పడ్డాడు.

తన దగ్గరున్న కంప్యూటరు తగిలించాడు. లోపం లేదు. వైర్లు చూశాడు. ఎలకలు కొరకలేదు. గురువారమంతా ఇద్దరూ పాణ్యం దాకా వెళ్లొచ్చారు, మళ్లీ వెళ్లొచ్చారు. దారి పొడవునా ఉర్దూలో పాత సంగతులన్నీ మాట్లాడుకున్నారు. కారు బుద్ధిగా నడిచింది. కిటికీ కదల్లేదు. సీటు కాలలేదు.

సాయంత్రం బాబ్జాన్ ఒక చొక్కా అట్ట తీశాడు. కొత్త చొక్కా మడతలో పెట్టే అట్ట. బట్టల కొట్టు మనుషులకు కాగితం కొరత ఎప్పుడూ ఉండదు. దాని మీద నాలుగు వింతలూ రాశాడు. ఎప్పుడు, ఎక్కడ, లోపల ఎవరు. లోకేశ్ ఉన్నప్పుడు ఒక్కటీ లేదు. లహరి ఉన్నప్పుడు లేదు. తను ఒంటరిగా ఉన్నప్పుడు లేదు. వెనక ఎవరో ఒకరు ఉండాలి. ఒకసారి సావుకారు జగన్నాథం భార్య. ఒకసారి సంజీవయ్య పంతులు. రెండుసార్లు సావుకారు.

"బండి బాగుందప్పా," అన్నాడు దాదా ఖలందర్. "ఎక్కిన మనుషుల్లోనే ఏందో ఉంది."

"ఏముంది? ఎక్కినారు, కూర్చున్నారు, మాట్లాడినారు. ఇంగేం చేసినారు వాళ్లు?"

దాదా ఖలందర్ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం కూడా అట్లాగే గడిచింది. కారు గ్యారేజీ నడుమ నిలబడి ఉంది. తలుపులు బార్లా తెరిచారు. కంప్యూటరు కోసం స్విచ్చి ఆన్‌లో ఉంచారు. దాదా ఖలందర్ వెనక వైపు వంగి దీపాల వైర్లు మళ్లీ చూస్తున్నాడు. బాబ్జాన్ ముందు సీట్లో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, రేపటి గురించి ఆలోచిస్తున్నాడు.

పక్క టీ కొట్టు లూదియా ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. కారు పక్కనున్న బల్ల మీద దాన్ని పెట్టింది.

"అన్నా, టీ ఆడ పెట్టినా. మూత తెరిచి పోసుకోండి," అంది.

డిక్కీ మూత లేచింది. వంగి ఉన్న దాదా ఖలందర్ తల మీది టోపీని ఎత్తి అవతల పారేసి, తాపీగా పైకెళ్లి ఆగింది.

గ్యారేజీలో ఎవరూ కదల్లేదు. బాబ్జాన్ చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. అతను ఆ చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత లూదియా వైపు చూశాడు.

"నేనేం ముట్టుకోల్యా అన్నా," అంది లూదియా రెండడుగులు వెనక్కి వేసి.

"తెలుసమ్మా. ఇప్పుడు అన్న మాట మళ్లా అను. అట్లనే."

డిక్కీ మూశారు. ఆమె మళ్లీ అంది. డిక్కీ మళ్లీ లేచింది.

పాత ఇంజను నాలుగు సిలిండర్లలో ఏది చచ్చిందో తెలుసుకోవాలంటే మెకానిక్కులు ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూస్తారు. ఏది పీకితే ఇంజను శబ్దం మారదో ఆ సిలిండరు చచ్చినట్టు. అంబాసిడర్ కాలంలో ఇద్దరూ ఎన్ని వందలసార్లు చేశారో ఆ పని. ఇప్పుడు లూదియా మాటలోంచి ఒక్కొక్క పదమే పీకడం మొదలుపెట్టారు.

అన్నా అనే మాట తీసేశారు. మూత లేచింది. టీ తీసేశారు. లేచింది. పెట్టినా అనే మాట తీసేశారు. అయినా లేచింది. మూత తెరువు అని మాత్రమే అనమన్నారు. లేవలేదు. బాబ్జాన్ గొంతు సవరించుకుని టీవీలో వార్తలు చదివే మనిషిలా, అక్కడ మూత తెరువు అన్నాడు. లేవలేదు.

"ఆడ మూత తెరువు," అన్నాడు మామూలుగా.

డిక్కీ లేచింది. ఈసారి బాబ్జాన్ ఇంకొకటి కూడా చూశాడు. అద్దం కింద, డ్యాష్‌బోర్డు అంచున ఒక సన్నని నీలి గీత వెలిగి ఆరింది. లోపల రంగుల దీపాలు ఎప్పుడూ మారుతూనే ఉంటాయి గనక ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని లెక్కచేయలేదు. అది దీపం కాదు. ఎవరో చెవి ఒగ్గి వింటున్నారన్న గుర్తు.

అతను చొక్కా అట్ట తీసి, నాలుగు వింతల పక్కన అప్పుడు ఎవరేం అన్నారో గుర్తు చేసుకుంటూ రాశాడు. కిటికీలు. నడుము నొప్పి. డిక్కీలు. చలి. నాలుగింటికి ముందూ అదే మాట. ఆ రోజు లోకేశ్ కారు నోరు మూయించాడు గానీ, చెవులు మూయలేదు.

"వాళ్లేమో ఎయిడా అన్నారు," అన్నాడు దాదా ఖలందర్ టోపీ దులుపుకుంటూ. "దీనికేమో ఆడా అంటే పేరు పెట్టి పిలిచినట్టుంది. మనం నిన్నంతా ఉర్దూలో మాట్లాడ్తిమి, ఇంగ యాడ పలుకుతాది."

వెంటనే లోకేశ్‌కు ఫోన్ చేయమన్నాడు. బాబ్జాన్ ఒప్పుకోలేదు. ఫోన్లో చెబితే పని పోతుందని కథ అల్లాడంటారు. రేపు చెబుతాను, అందరి కళ్ల ముందు, నా చేతులు ఒళ్లో పెట్టుకుని చెబుతాను అన్నాడు.

*

శనివారం పొద్దున పదింటికి శిక్షకుడు ఏలీయా ఆళ్లగడ్డలో దిగాడు. నలభై ఏళ్ల మనిషి, మెడలో టై, చేతిలో ట్యాబ్లెట్. రైన్‌హాఫ్ డ్రైవర్లకు పాఠాలు చెప్పడం ఆయన పని. మర్యాదస్తుడు. బాబ్జాన్‌ను కూడా గారు అనే పిలిచాడు. నంద్యాల దాకా మీరు నడపండి, నేను పక్కన కూర్చుని గమనిస్తాను అన్నాడు.

"మీరే తోలండి సార్," అన్నాడు బాబ్జాన్. "నేను పక్కన కూర్చుంటా."

లోకేశ్ చిరాకు పడ్డాడు. బాబ్జాన్‌ను పరీక్షించడానికి వచ్చిన మనిషే నడిపితే ఇక పరీక్ష ఏముందన్నాడు. ఏలీయా మాత్రం ఒక నిమిషం ఆలోచించి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక ఒక పక్క జగన్నాథం, మరో పక్క శాంతకుమారి, ఇద్దరి నడుమ మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని లోకేశ్. ఆ కారులో ఎంత సుఖం ఉన్నా, నడుమ కూర్చున్నవాడికి దక్కేది తక్కువే.

ఊరు దాటారు. ఏలీయా బండి బాగా నడుపుతాడని బాబ్జాన్ మనసులో ఒప్పుకున్నాడు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. పరీక్ష అనేసరికి అందరూ బడిపిల్లల్లా బిగుసుకున్నారు. బాబ్జాన్ కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టసాగాడు. వీళ్లు ఇట్లాగే నోరు మెదపకుండా నంద్యాల చేరితే కారు బాగుందని రిపోర్టు అవుతుంది. సోమవారం స్టూలు వేస్తారు. తనే ఆ మాట అనవచ్చు. కానీ తను అంటే తను చేసినట్టే. అది వాళ్ల నోటి నుంచే రావాలి.

"అమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "బద్రీనాథ్ పోయిన పెద్దమ్మ ఎట్లుందంట?"

శాంతకుమారికి ఆ మాత్రం చాలు. "ఏం చెప్పాల బాబ్జాన్. ఆడ చలికి పండ్లు టకటక కొట్టుకుంటాండాయంట. వద్దంటే వినిందా? స్వెటరు పెట్టె ఇంట్లోనే మర్చిపాయ," అని మొదలుపెట్టి, ఆడబిడ్డ మొండితనం మీద నాలుగు నిమిషాలు మాట్లాడింది. అయిదో నిమిషంలో ఆగి, కొంగుతో విసురుకుంది. సీటు మీద అటూ ఇటూ కదిలింది.

ఏలీయా తెర వైపు చూశాడు. మూడు ఎర్ర గీతలు. ఆయన చూపు వెంటనే బాబ్జాన్ చేతుల మీదికి వెళ్లింది. రెండు చేతులూ ఒళ్లో, వేళ్లలో వేళ్లు పెనవేసుకుని ఉన్నాయి. ఏలీయా హీటరు ఆపి, బండిని ముందుకు పోనిచ్చాడు. లోకేశ్ మాత్రం ముందుకు వంగి కూర్చున్నాడు.

శిరివెళ్ల దాటాక బాబ్జాన్ రెండో ప్రశ్న వేశాడు. పోయిన వారం సావుకారు చుట్టాలింటి పెళ్లికి వెళ్లినప్పుడు విడిది బాగుందా అని అడిగాడు.

"ఏం విడిదిలే," అన్నాడు జగన్నాథం. "ఆడ పండుకోను మంచం గూడా ల్యా."

సీటు ఆ బాధ అర్థం చేసుకుంది. ముందు సీటు ముందుకు జరిగింది. అంటే బాబ్జాన్ కూర్చున్నదే, అతని మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలాయి. వెనక జగన్నాథం వీపు మెల్లగా వాలిపోయింది. కాళ్ల కింద ఒక మెత్తని బల్ల లేచి, పంచెతో సహా ఆయన పాదాలను పైకి ఎత్తింది. ఎక్కడా కుదుపు లేదు. ఆయన అట్లాగే వెల్లకిలా పడుకుని, కారు కప్పు చూస్తూ, తన కొడుకును పేరు పెట్టి పిలిచాడు.

ఏలీయా కారును రోడ్డు పక్క ఆపాడు. టై సడలించుకున్నాడు.

"నేను ఏమీ ముట్టుకోలేదు సార్," అన్నాడు.

నెల రోజులుగా బాబ్జాన్ చెబుతున్న మాట అదే. ఆ సంగతి కారులో అందరికీ ఒకేసారి తట్టింది. లోకేశ్ ముఖం కొంచెం ఎర్రబడింది.

"లోకేశా," అన్నాడు బాబ్జాన్ డ్యాష్‌బోర్డుకూ సీటుకూ నడుమ ఇరుక్కుని. "నువ్వొక మాట చెప్పు. అక్కడ కిటికీ తెరువు అను. నువ్వు రోజూ మాట్లాడినట్టే."

లోకేశ్ అన్నాడు. ఏమీ జరగలేదు.

"ఇప్పుడు అదే మాట మీయమ్మ మాదిరి చెప్పు."

లోకేశ్ తల్లి వైపు చూశాడు. హైదరాబాదు హాస్టల్లో చేరిన మొదటి నెలలో అందరూ నవ్వితే, కష్టపడి ఒక్కొక్కటిగా మానుకున్న మాటల్లో అదొకటి. పదేళ్ల తర్వాత దాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకున్నాడు.

"ఆడ కిటికీ తెరువు."

నీలి గీత వెలిగింది. నాలుగు కిటికీలూ దిగాయి. నలభై నాలుగు డిగ్రీల గాలి లోపలికి దూసుకొచ్చింది.

ఏలీయా ముందు నవ్వాడు. టై పూర్తిగా విప్పేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. ఆ మూడక్షరాలను జర్మన్లు ఆడా అనే పలుకుతారని చెప్పాడు. ఎయిడా అనడం ఇంగ్లీషు అలవాటు, అందుకే లోకేశ్ పిలిస్తే చాలాసార్లు పలకలేదు. కంపెనీ వాళ్లు తెలుగు నేర్పిన మాట నిజమే. నేర్పినవాళ్లంతా అక్కడ, ఇక్కడ అనేవాళ్లే అయ్యుంటారు. ఆడ, ఈడ అనే మనుషులు ఈ కారు ఎక్కుతారని వాళ్లు అనుకోలేదు. రికార్డులో ఆజ్ఞ అని మాత్రమే ఉంటుంది, చేత్తోనా నోటితోనా అని ఉండదు. పేరు మార్చడం జర్మనీ వాళ్ల చేతిలో పని, రాస్తాను, నెలలు పట్టవచ్చు అన్నాడు. అప్పటిదాకా కారు వినడం ఆపేస్తే సరిపోతుందని తెర వైపు చెయ్యి చాపాడు.

"వద్దు సార్," అంది శాంతకుమారి. "మా ఇంట్లో చెప్పిన మాట ఒక్కసారికే విన్నది ఇదొక్కటే. ఉండనీండి."

జగన్నాథం పడుకునే నవ్వాడు. తనను లేపడానికి ఏం అనాలో చెప్పమని భార్యను బతిమాలాడు. ఆమె రెండుసార్లు తప్పుగా అని, మూడోసారి లేపింది.

ఏలీయా ట్యాబ్లెట్ తీశాడు. రిపోర్టులో కారు లోపం అన్నచోట లేదు అని నింపాడు. డ్రైవరు లోపం అన్నచోట, లోకేశ్ వైపు ఒకసారి చూసి, లేదు అని నింపాడు. కింద ఇంకొక గడి ఉంది. కారణం. అక్కడ ఆయన వేలు ఆగిపోయింది. జర్మనీలో చదివేవాళ్లకు ఇది ఏమని రాయాలో తోచడం లేదన్నాడు.

"రాయలసీమ అని రాయండి సార్," అన్నాడు బాబ్జాన్.

ఏలీయా అదే రాశాడు. తర్వాత కారు దిగి, తాళం బాబ్జాన్ చేతికిచ్చి, నంద్యాల దాకా వెనక సీటు సుఖం చూస్తానన్నాడు. బాబ్జాన్ అటు తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. సీటు తన కొలతకు జరుపుకున్నాడు. అద్దం సర్దుకున్నాడు. ఏలీయా లోకేశ్ ఖాళీ చేసిన నడిమి చోటులో ఇరుక్కున్నాడు. అది సుఖం లేని చోటని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

లోకేశ్ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"తప్పు నాదే మామా," అన్నాడు. "అడగకుండానే నువ్వే అనుకున్యా. సోమారం రావాల్సిన డ్రైవరుకు ఫోన్ చేసి వద్దంటా. ఇప్పుడే చేస్తా."

ఫోను తీశాడు. బాబ్జాన్ అతని వైపు చూడలేదు. కుడి వైపు అద్దంలో లారీ పోయేదాకా ఆగాడు.

"చేద్దువులేప్పా," అన్నాడు. "ముందు బెల్టు పెట్టుకో. నువ్వు పెట్టుకోందే నేను బండి తీయను."

లోకేశ్ బెల్టు పెట్టుకున్నాడు. కారు నంద్యాల వైపు కదిలింది.